తొమ్మిది బిళ్లలు, పదిమంది మనుషులు

పోయినవారం మిమ్మల్ని నాలుగో నంబరు ట్యాంకు ముందు నిలబెట్టేసి వెళ్లిపోయాను. మధ్యాహ్నం అన్నాల వేళ. లోపల పనిచేస్తున్నవాళ్లంతా బయటికొచ్చేశారనుకుని నేను రిజిస్టరు మూసేశాను. మనిషి దూరేంత గుండ్రటి దారికి లింబాద్రి గారు ఇనుప మూత వేసి రెండో బోల్టు బిగిస్తున్నారు. అప్పుడు లోపలినుంచి ఎవరో ఇనుము మీద ఇనుముతో కొట్టిన చప్పుడు. మూడుసార్లు.

ముందు మంచి కబురు చెప్పేస్తాను. మిమ్మల్ని ఉడికించడం నాకు చేతకాదు. ఆయన బయటికొచ్చారు. నిక్షేపంగా వచ్చారు. లింబాద్రి గారు బోల్టులు విప్పి మూత లాగేసరికి ముందు ఒక స్పానరు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత నవ్వుతున్న మొహం బయటపడ్డాయి. ముక్కు మీద తుప్పు మరక. "ఏంటండీ, మనుషులుండగానే తలుపులేసేస్తారా?" అన్నారు. ఆ స్పానరుకి నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను. ఇప్పుడు దాన్ని శుభ్రంగా తుడిచి బుసైతీన్‌లో మేముండే గదిలో దేవుడి పటం పక్కన పెట్టాను. ఆయన వేళాకోళం చేసినా సరే.

ఆయనంటే మా ఆయన. పేరు వెంకటరాజు. చూశారా, ఎంత తేలిగ్గా రాసేశానో. రాయడానికి నాకేం ఇబ్బంది లేదు. చిక్కంతా పలకడం దగ్గరే.

మాకు పెళ్లై నాలుగు నెలలు. నేను బహ్రెయిన్ వచ్చి రెండు నెలలు. జపాన్ కంపెనీలో ట్రైనీగా చేరి సరిగ్గా తొమ్మిది రోజులు. మామీర్ అనే ఊరి పక్కన ఉన్న ఆ సైటులో పాత ట్యాంకులు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, లోపలి అతుకులు బాగుచేస్తున్నారు. పనివాళ్లలో సగంమంది మా గోదావరి వైపు వాళ్లు, సగంమంది కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు. జాగ్రత్తలు ఇంగ్లీషులో చెబితే అందరూ తలూపుతారు, ఎవరికీ ఎక్కదు. అందుకని తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చిన మనిషి కావాలన్నారు. రాజోలు కాలేజీలో బీయస్సీ చదివి, ఇక్కడ గదిలో కూర్చుని విమానాలు లెక్కపెట్టుకుంటున్న నేను దొరికాను. మూడు నెలల శిక్షణ. ఆ తర్వాత ఉంచుకుంటారో లేదో వాళ్ల ఇష్టం.

ఆ తొమ్మిది రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఆఫీసు గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి, మన ఇళ్లలో లాగే. పొద్దున్నే క్యాసెట్టు పెట్టి అందరూ వరసగా నిలబడి చేతులూపుతూ వ్యాయామం చేయాలి. లావుపాటి ఫోర్‌మన్ ముసలయ్య గారు నడుం వంచలేక వంచుతుంటే నేను నవ్వు ఆపుకోవడమే నాకు అసలైన వ్యాయామం. పెద్దాయన మోరితా గారు నాకు తెల్ల హెల్మెట్ ఇచ్చి, దానిమీద నా పేరు ఒకవైపు నన్ను తెలుగులో రాయమన్నారు, రెండోవైపు తానే జపాన్ అక్షరాల్లో రాశారు. వాళ్లు పేరు చివర 'సాన్' అంటారు. మన 'గారు' లాంటిదే. నేనక్కడ సాయికుమారి సాన్‌ని. ఊళ్లో నన్నెవరూ గారు అన్న పాపాన పోలేదు.

ఇక నా పని. ట్యాంకులోకి దిగేముందు జాబితా చూసి నేను ఒక్కొక్కరి పేరు గట్టిగా పిలవాలి. పిలిచిన మనిషి ముందుకొచ్చి "ఉన్నాను" అనాలి. అప్పుడు అతని నంబరున్న ఇత్తడి బిళ్ల నేను చేతికిస్తే, అతను దాన్ని దారి పక్కనున్న బోర్డుకి తగిలించి లోపలికి దిగాలి. బయటికొచ్చేటప్పుడు బిళ్ల తీసి నాకివ్వాలి. బోర్డు ఖాళీ అయితే లోపల ఎవరూ లేనట్టు. అంతే. చిన్నపిల్లలాట కంటే తేలిక.

ఆ రోజు జాబితాలో పది పేర్లు. తొమ్మిది పేర్లు గంట కొట్టినట్టు పిలిచాను. పదో పేరు దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఎదురుగా ఆయన నిలబడి ఉన్నారు, పెదాలు బిగబట్టి, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు. చుట్టూ మా జిల్లా మగవాళ్లందరూ ఉన్నారు. ఆ పేరు అరిచి పిలవడం నావల్ల కాలేదు. ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు, నేను పేరు పక్కన టిక్కు పెట్టేశాను, ఆయన సంచి భుజాన వేసుకుని దిగిపోయారు. పిలవలేదు కాబట్టి చెయ్యి బిళ్లల డబ్బాలోకి వెళ్లలేదు. మధ్యాహ్నం తొమ్మిది బిళ్లలూ తిరిగొచ్చాయి. నా కళ్లు బిళ్లల మీదే ఉన్నాయి తప్ప మొహాల మీద లేవు. బోర్డు ఖాళీ.

*

అన్నాల షెడ్డులో మా ఆయన నేను కట్టిన క్యారేజీ విప్పి కూర్చున్నారు. టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, పొద్దున్న కొన్న ఖుబ్జ్ రొట్టె. మృత్యువు మూత దాకా వెళ్లొచ్చిన మనిషికి అంత ఆకలేస్తుందని నాకు తెలియదు.

"పప్పులో ఉప్పు సరిపోయింది ఇవాళ" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది.

"ఏంటి కుమారీ, ఉప్పు సరిపోతే ఏడుస్తారా ఎవరైనా?"

"మీకేమైనా అయ్యుంటే?"

"ఏమవుతుంది? లోపల గాలి ఉంది, లైటుంది, స్పానరుంది. నువ్వు భోజనం తెచ్చావని తెలుసు. నేను బయటికి రాకుండా ఉంటానా?" అని నా చేతిలో రొట్టెముక్క పెట్టారు. "నేనూ బిళ్ల అడగలేదు కదా. ఇద్దరిదీ తప్పే. ఇంక ఊరుకో."

ఊరుకునేదాన్నే. అంతలో ముసలయ్య గారు షెడ్డులోకొచ్చి కూలింగ్ వాటర్ పట్టుకుంటూ, ఎవరితోనూ కానట్టు అన్నారు: "లింబాద్రి పని ఖలాస్. రెండున్నరకి మోరితా సాన్ పిలిచాడు. మూత దగ్గర కాపలా ఎవడిది? వాడిది. లోపల మనిషుండగా మూసిందెవడు? వాడు. ఆడికి వీసా ఇచ్చిన కఫీల్‌కి కాగితం వెళ్తే రేపో ఎల్లుండో విమానం ఎక్కించేస్తారు. పాస్‌పోర్టు మీద రిమార్కు పడితే ఇంక ఈ గల్ఫ్ మొహం చూసే పని లేదు."

"మరి మీరు చెప్పలేదా, ఆయన తప్పేం లేదని?" అన్నాను.

"ఆడి తప్పు కాకపోతే ఎవరిదమ్మా?" అన్నారు ముసలయ్య గారు. నిజంగా తెలియకే అడిగారు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయారు.

మా ఆయన తినడం ఆపేశారు.

"చెప్తే నీ శిక్షణ పోవచ్చు" అన్నారు. "తొమ్మిది రోజులకే పంపేసిన మనిషిని ఇంకెవరూ తీసుకోరు. ఈ ఊళ్లో మన ఆడవాళ్లకి ఇళ్లల్లో పని తప్ప ఇంకో పని దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు."

"తెలుసు."

"నిన్న రాత్రి ఆ హెల్మెట్ పెట్టుకునే అన్నం వండావు."

"తెలుసండీ."

"నీ ఇష్టం కుమారీ. నువ్వేం చేసినా నాకిష్టమే" అన్నారు.

ఇలాంటి మాట అనే మనిషి దొరికినందుకు నేను ఎవరికి మొక్కాలి? కానీ ఆ మాట ఒక రకంగా నన్ను ఇరికించింది కూడా. వద్దని ఉంటే ఆయన మీదికి నెట్టేసేదాన్ని.

*

లింబాద్రి గారు నీళ్ల డ్రమ్ము నీడలో గొంతుక్కూర్చుని బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నారు. సైటులో నిప్పు నిషేధం. అయినా బీడీ చేతిలో ఉంటే ధైర్యమట. యాభై దాటిన మనిషి. ఆర్మూరు దగ్గర ఊరు.

"అన్నా" అన్నాను, ఎదురుగా కూర్చుంటూ. "రెండున్నరకి నన్ను కూడా రమ్మన్నారు. మీరు తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులో మోరితా గారికి చెప్పాలి."

"మంచిదే గద బిడ్డా. తెల్సినోల్లే ఉన్నరు."

"ఏం చెప్తారు?"

"ఏమున్నది జెప్పెతందుకు? బోర్డు జూసిన, కాలీ ఉన్నది, మూత ఏసిన. లోపలికి తొంగి జూడాలె, జూడలే. తప్పు నాదే."

"కాదు. మా ఆయన్ని నేను..."

"నాకెరుకే బిడ్డా" అన్నారు ఆయన చల్లగా.

నేను బిత్తరపోయాను.

"పొద్దుగాల నేను మూత పక్కనే నిలవడ్డ గద. తొమ్మిది పేర్లు జోరుగ పిలిచినవ్. నీ పెనిమిటి పేరు కాడికి వచ్చేవరకు నీ గొంతు సప్పుడు లేకుంటయ్యింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుల వడి నేను సుత బిల్ల సంగతి మరిసిన."

"మరి ఇందాకే చెప్పొచ్చు కదా?"

"ఏమని జెప్పాలె? కొత్తగ లగ్గమైన పిల్ల మొగని పేరు దియ్యకపాయె, అందుకని దానికి సజా ఇయ్యుండ్రి అని జెప్పాలెనా?" లింబాద్రి గారు బీడీ చెవి మీద పెట్టుకున్నారు. "మా గౌరవ్వతోని నాకు లగ్గమై ముప్పై ఏండ్లాయె. గియ్యాలటి దాంక నా పేరు దియ్యలే. మా బిడ్డ కళ పుట్టినప్పుడు దవాఖానల తండ్రి పేరు జెప్పుమంటే పక్క మంచం మీదున్న కనకవ్వతోని జెప్పిచ్చింది. గా కనకవ్వకు నా పేరు సక్కగ తెల్వక ఇంకోటి రాపిచ్చింది. నా బిడ్డ మూడేండ్లు కాయిదాలల్ల ఇంకోని బిడ్డ."

నవ్వొచ్చేసింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"నవ్వినవ్, మంచిగున్నది" అన్నారాయన. "జూడు బిడ్డా. నేను గీ దుబాయి దిక్కు వచ్చి పదకొండేండ్లు. సాలు. ఇంటికి పోతే గౌరవ్వ ఎల్లగొట్టదు. నీది గిప్పుడు సురువాయె. సప్పుడు జేయకుండ నేను జెప్పింది జెప్పినట్టు ఇంగిలీసుల జెప్పు. గంతే."

"చాలు" అన్న ఆయన గొంతు చాలినట్టు లేదు. పైజేబులో మడత పెట్టిన ఉత్తరం ఒకటి కనిపిస్తోంది. ఇంటినుంచి వచ్చినట్టుంది, అందులో ఏముందో నేనడగలేదు. పాస్‌పోర్టు మీద రిమార్కుతో దిగే తండ్రి కోసం ఎదురుచూసే ఉత్తరమైతే కాదనిపించింది.

*

రెండున్నరకి గది బయట నాలుగు జతల బూట్లు. మోరితా గారివి పాలిష్ చేసి, ముందువైపు గుమ్మానికి ఎదురుగా తిప్పి పెట్టి ఉన్నాయి. ముసలయ్య గారివి ఒకదాని మీద ఒకటి. లింబాద్రి గారు తన బూట్ల పక్కన సాక్సులు మడిచి పెట్టారు. పెళ్లికి వెళ్లినవాళ్లలా, అంత జాగ్రత్తగా.

మోరితా గారు బల్ల వెనక కాదు, మా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అరవై ఏళ్లుంటాయి. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆయన మొహంలో కదిలేది ఒక్క కుడి కనుబొమ్మే. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరి మాట్లాడతారు.

"లింబాద్రి సాన్‌ని అడగండి. మూత వేసేముందు ఏం చూశారు?"

నేను తెలుగులో అడిగాను.

"తప్పు నాదే సార్. లోపలికి సూడలే. లెక్క సరిగ జెయ్యలే. ఇంకెవ్వల్ల తప్పు లేదు" అన్నారు లింబాద్రి గారు, నేలచాపకేసి చూస్తూ. తర్వాత నావైపు తిరిగి చిన్నగా కళ్లు మూసి తెరిచారు. చెప్పెయ్ బిడ్డా, అన్నట్టు.

ముగ్గురూ నా నోటికేసి చూస్తున్నారు. నా హెల్మెట్ ఒళ్లో ఉంది. ఒకవైపు నా అక్షరాలు, ఇంకోవైపు మోరితా గారి అక్షరాలు. ఇంగ్లీషులో పది మాటలు. అవి చెప్పేస్తే నా ఉద్యోగం నాకు ఉంటుంది, పొద్దున్నే వ్యాయామం ఉంటుంది, మా ఆయనతో కలిసి కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు ఉంటుంది. నేను అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. లింబాద్రి గారు చెప్పిందే చెప్పినట్టు.

"తప్పు తనదే అంటున్నారు" అన్నాను ఇంగ్లీషులో. "లోపలికి చూడలేదు, లెక్క సరిగా చేయలేదు, ఇంకెవరి తప్పూ లేదు అంటున్నారు."

మోరితా గారు తలూపి కలం తీశారు.

"ఆయన చెప్పింది ఇంతవరకే" అన్నాను. "అది నిజం కాదు. నన్ను కాపాడడానికి అలా అంటున్నారు. పదో మనిషి పేరు నేను పిలవలేదు. పిలవలేదు కాబట్టి బిళ్ల ఇవ్వలేదు. బిళ్ల నా డబ్బాలోనే ఉండిపోయింది. లింబాద్రి గారికి బోర్డు ఖాళీగా కనిపించిందంటే అది నావల్లే."

ముసలయ్య గారికి కొంచెం ఇంగ్లీషు తెలుసు. "ఓరి నాయనో, ఏం చెప్తున్నావమ్మాయ్" అని గొణిగారు. లింబాద్రి గారికి తెలియదు, కానీ ఆయనకి నా మొహం తెలుసు. "వద్దంటి గద బిడ్డా" అన్నారు.

మోరితా గారి కనుబొమ్మ కదిలింది. "ఎందుకు పిలవలేదు?"

అన్నిటికంటే కష్టమైంది ఇదే. మా వైపు పెళ్లైన ఆడది భర్త పేరు నోటితో పలకదని, పలికితే ఆయనకి మంచిది కాదని పెద్దవాళ్లంటారని, నేను బీయస్సీ చదివానని, అయినా నావల్ల కాలేదని చెప్పాను. అత్తారింట్లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు గుమ్మం దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడి పేరు చెబితేనే లోపలికి అంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎవరికీ వినపడకుండా చెప్పానని, జీవితంలో అదొక్కసారేనని కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. మొదలుపెడితే నేను ఆగను, మీకు తెలిసిందే.

మోరితా గారు లేచి గోడ దగ్గరికి వెళ్లారు. అక్కడ పసుపుపచ్చ చీటీల కట్ట, దానికింద చెక్కపెట్టె ఉన్నాయి. చేరిన మొదటిరోజే దాని గురించి నాకు చెప్పారు. పనిలో ప్రమాదం జరగబోయి తప్పిపోయినప్పుడు, గుండె ఝల్లుమన్నప్పుడు, ఆ మనిషే ఒక చీటీ రాసి అందులో వేయాలట. శిక్ష ఉండదట. ఒకరి భయం ఇంకొకరికి జాగ్రత్త అవుతుందట. నేను మన పనివాళ్లందరికీ తెలుగులో అదే చెప్పాను. అందరూ తలూపారు. తమ తప్పు తామే రాసి సంతకం పెట్టి పెట్టెలో వేయడమా? ఎవరికైనా పిచ్చా?

ఆయన పెట్టె తీసుకొచ్చి నాముందు మూత తెరిచారు. లోపల ధూళి తప్ప ఏమీ లేదు.

"ఎనిమిది నెలలు" అన్నారు. "ప్రతి గురువారం తెరుస్తాను. ఎప్పుడూ ఖాళీ. ఇక్కడ ఎవరికీ ఎప్పుడూ భయం వేయలేదని నమ్మమంటారా? ఖాళీ పెట్టె చూసినప్పుడే నాకు ఎక్కువ భయం."

చీటీ ఒకటి చించి నాకిచ్చారు. "మీరు ఇప్పుడు చెప్పింది రాయండి."

రాశాను. 'భర్త' అన్నచోట ఇంగ్లీషు స్పెల్లింగు తప్పింది, కొట్టేసి మళ్లీ రాశాను. రెండు చేతులతో ఇచ్చాను, వాళ్లు అలాగే ఇస్తారు కాబట్టి. ఆయన లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుని, నడుం వంచి నాకు నమస్కారం పెట్టారు. ఒక్క క్షణం కాదు, చాలాసేపు. ఆ తర్వాత లింబాద్రి గారి వైపు తిరిగి ఆయనకీ పెట్టారు.

లింబాద్రి గారు గాభరాగా లేచి, ఏం చేయాలో తెలియక రెండు చేతులూ జోడించారు. "ఏమంటున్నడు బిడ్డా? ఎల్లగొడ్తున్నడా?"

"కాదన్నా. థాంక్స్ చెప్తున్నారు."

"గింత వంగి జెప్తరా థాంక్సు?" ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను.

"మొదటి చీటీ వచ్చినందుకు" అన్నారు మోరితా గారు. "ఎవరినీ ఎక్కడికీ పంపడం లేదు. తప్పు మనిషిలో వెతికితే ఆ మనిషి వెళ్లిపోతాడు, తప్పు ఇక్కడే ఉండిపోతుంది. లింబాద్రి సాన్‌కి చెప్పండి, ఆయన కఫీల్‌కి ఏ కాగితమూ వెళ్లదు."

చెప్పాను. లింబాద్రి గారు మెల్లగా కూర్చున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తుడుచుకుని, అందులోనే దాచుకున్నారు. పదకొండేళ్లు చాలన్న మనిషి. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. వేయవచ్చో లేదో ఆలోచించలేదు.

"మా అమ్మ" అన్నారు మోరితా గారు ఉన్నట్టుండి, "మా నాన్నని పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. 'మీరు' అనేది. యాభై ఏళ్లు, అంతే." ఆ కనుబొమ్మ ఇంకోసారి కదిలింది. అది నవ్వు అని నాకు ఆరోజే తెలిసింది.

ఆ క్షణంలో ఎవరైనా నన్ను ట్యాంకులన్నీ నీళ్లతో కడిగెయ్యమన్నా కడిగేసేదాన్ని. అమ్మకి ఉత్తరం రాయాలని, అందులో ఈ గదిని, ఈ పెట్టెని, ఈ మనుషులని వరసగా పెట్టాలని అప్పుడే వాక్యాలు కూడబెట్టుకుంటున్నాను. ముసలయ్య గారు కూడా ఊపిరి వదిలి "పోన్లే, మంచోడే" అన్నారు, తానే రక్షించినట్టు. ఇక లేవబోయారు.

"కూర్చోండి" అన్నారు మోరితా గారు. "పని ఇప్పుడు మొదలవుతుంది."

గోడకున్న తెల్లబోర్డు మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేశారు. ఏం జరిగినా అయిదుసార్లు 'ఎందుకు' అని అడగాలట. మొదటి జవాబు దగ్గర ఆగిపోతే మనిషి దొరుకుతాడు, అయిదో జవాబు దాకా వెళ్తే కారణం దొరుకుతుందట.

"ఒకటి. మనిషి లోపలుండగా మూత ఎందుకు వేశారు? బోర్డు ఖాళీగా ఉంది కాబట్టి. రెండు. బోర్డు ఎందుకు ఖాళీగా ఉంది? బిళ్ల ఇవ్వలేదు కాబట్టి. మూడు. ఎందుకివ్వలేదు? పేరు పిలవలేదు కాబట్టి. నాలుగు. ఎందుకు పిలవలేదు? పిలవాల్సింది భార్య కాబట్టి." కలం ఆగింది. "ఇక్కడ తప్పు నాది అనుకున్నాను. భర్త ఉన్న జాబితా భార్య చేతికి నేనెందుకిచ్చాను? కానీ నేనివ్వలేదు."

బల్లమీది జాబితా తెచ్చి మా ముందు పెట్టారు. "నిన్న సాయంత్రం నేను సంతకం చేసినప్పుడు ఇందులో తొమ్మిది పేర్లే ఉన్నాయి. మీ భర్తకి పని పంపుహౌసులో. నాలుగో ట్యాంకులో ఆయనకి ఏ పనీ లేదు."

నేను కాగితం మీదికి వంగాను. తొమ్మిది పేర్లు టైపు చేసి ఉన్నాయి. పదోది నీలం సిరాతో చేత్తో రాసి ఉంది. పొద్దున్న అదే కాగితం నా చేతిలో ఉంది. ఆ పేరు చూసిన కంగారులో నేను అక్షరాలు చూడలేదు.

ఇప్పుడు చూశాను.

ఆ మొదటి అక్షరం కుడికొస కొంచెం పైకి సాగి, చివర చిన్న కొక్కెంలా వంగి ఉంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య బహ్రెయిన్ నుంచి నాకు ఇరవై మూడు ఉత్తరాలొచ్చాయి. ప్రతి ఉత్తరం కింద సంతకంలో అదే కొక్కెం. కళ్లు మూసుకుని వేలితో తడిమినా దాన్ని గుర్తుపడతాను.

ముసలయ్య గారు కూడా కాగితం చూశారు. చూసి, మొహం పక్కకి తిప్పేసుకున్నారు. అంటే ఆయనకేదో తెలుసు. అన్నం దగ్గర నాతో కూర్చుని పప్పులో ఉప్పు మెచ్చుకున్న మనిషి, తనకి పని లేని ట్యాంకులోకి, దొంగతనంగా తన పేరు తానే రాసుకుని ఎందుకు దిగారు? నేను బయట రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ ఆ నాలుగు గంటలూ ఆయన లోపల ఏం చేశారు?

మోరితా గారు కలం మూత తీసి, బోర్డు మీద అయిదో అంకె పక్కన చుక్క పెట్టి, నావైపు తిరిగారు. ఆయన గొంతు ఇందాకటంత మెత్తగానే ఉంది.

"సాయికుమారి సాన్. ఈ చేతిరాత ఎవరిది?"